అద్దం మీది గుడ్డ

యూదుల ఇంట చావు పరామర్శకు వచ్చిన బొమ్మల పుస్తకం సంపాదకుడు లాస్కర్, తాను తెచ్చిన కేకు తానే తింటూ సీమోర్ గీసిన కాగితాలు తిరగేశాడు.

"మన ఎగిరే వీరుడికి ఈ ముసుగేమిటయ్యా, సీమోర్?"

"అద్దంలో నన్ను నేను చూసుకునే వాడి మొహం గీస్తాను కదా సార్. నాన్న పోయినప్పటినుంచి ఆచారం ప్రకారం అద్దాలకు గుడ్డలు కప్పే ఉంచాం."

"ఈ ఏడు రోజులూ పని ముట్టకూడదన్నా వినలేదండీ," అంది సీమోర్ తల్లి.

"బొమ్మలేయడం పనేమిటమ్మా?" అన్నాడు లాస్కర్. "మొహం గీయకపోతే వీరుణ్ణి ఇంకొకడికి ఇచ్చేస్తాను."

సంతాపం ముగిసే ఏడో రోజు కావడంతో తల్లి లేచి గుడ్డ తీసేసింది. "గీసుకో నాయనా."

సీమోర్ అద్దంలోకి చూశాడు. వారం రోజుల గడ్డంతో ఉన్న తన మొహంలోంచి తండ్రి చూస్తున్నాడు.

"ముసుగే ఉండనివ్వండి సార్."

లాస్కర్ కాగితాలు సర్దుకున్నాడు. "సరే. లోపలున్నదెవరో మాత్రం ఎవరికీ చెప్పకు. పిల్లలు ఎగబడి కొంటారు."