నలభయ్యో పేజీలో బుడగ

సైనిక్‌పురిలో పుస్తక చర్చ ముగిసింది. రజిత గీసిన గ్రాఫిక్ నవలను అందరూ మెచ్చుకున్నారు. రైలు ఒక్క ఫ్రేములోనూ కనిపించదు. పట్టాల పక్కన గడ్డి వంగుతుంది, అంతే. "కూత మనకే వినిపిస్తుంది" అన్నారు అధ్యక్షత వహించిన తాతారావు గారు.

మౌలాలి దగ్గర నిరుడు జరిగిన సంగతే కథ. ఇద్దరు ఇంటర్ అమ్మాయిలు పట్టాలు దాటబోయారు. ఒకరే అవతలికి చేరారు.

అందరూ టీకి లేచాక కాంతమణి టీచర్ ప్రూఫు ప్రతితో రజిత దగ్గరికి వచ్చింది. నలభయ్యో పేజీ తీసింది.

"బొమ్మలు చాలా బాగున్నాయమ్మా. గడ్డి వంగిన చోట ఇక చూడలేక పుస్తకం మూసేశాను. ఒక్కటే తప్పు. ఈ మాటల బుడగ."

బుడగలో 'ఏం గాదు, ఉరుకు!' అని ఉంది. దాని తోక చనిపోయిన అమ్మాయి నోటివైపు ఉంది.

"తోక అటు తిప్పు. ఆ మాట అన్నది రెండో పిల్ల."

"అదేంది టీచర్! ఆ పిల్లనే నాకు అంత చెప్పింది."

"పోయిన పిల్ల భయస్తురాలు. రోడ్డు దాటాలన్నా నా చెయ్యి పట్టుకునేది. రెండేళ్లు నా చేతి అన్నం తిన్న పిల్ల."

రజిత కళ్లు తడిశాయి. "సారీ టీచర్, ఆ పిల్ల మీ ఇంటి పిల్లని తెల్వదు. మీ తక్లీఫ్ నాకు సమజైతది. కానీ ఆడ వాళ్లిద్దరే ఉన్నరు. మీకెవరు చెప్పిన్రు?"

కాంతమణి ఆ బుడగ మీద వేలు పెట్టింది.

"రేపు అచ్చుకు వెళ్తుందటగా" అంది. "తన చావు తనే తెచ్చుకుందంటారు అందరూ. కాదని చెప్పుకోవడానికి ఆ పిల్ల లేదు."

"ఆ అమ్మాయినే అడుగుదాం. మీరే వినుండ్రి." రజిత ఫోన్ తీసింది.

"వద్దమ్మా..."

అప్పటికే స్పీకర్‌లో రింగవుతోంది.

"రజితక్కా! ఆ బొమ్మలు చూడలేననే రాలే. బుక్ నచ్చిందా అందరికి?"

"నచ్చింది, దేవకృపా. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. పట్టాల కాడ 'ఉరుకు' అన్నది నువ్వేనంట. ఈడ ఒకరు చెప్తున్నరు."

కాంతమణి ఫోన్ ఆపబోయింది.

"అక్కా... అది నేను మా మమ్మీకి తప్ప ఎవ్వరికీ చెప్పలే."