ఎంగిలి కాని సగం

“గొట్టం పెట్టి పీల్చాల, ఎత్తి తాగబాక!” అని మునికృష్ణ అనేలోపే అతని భార్య మునిలక్ష్మి స్ట్రా తీసి పక్కన పెట్టి, సీసా పైకెత్తి నోట్లో పోసుకుంది.

తిరుపతి ఎగ్జిబిషన్లో దేశదేశాల రుచుల స్టాలు అది. ఒక టికెట్టుకు ఒక ప్లేటు చైనా నూడుల్సు, ఒక ఫారిన్ కూల్‌డ్రింకు; ఇద్దరికీ కలిపి ఒకటే కొన్నారు. పెళ్లయిన మూడు నెలలకు ఇద్దరూ మొదటిసారి పుత్తూరు నుంచి సరదాగా వచ్చారు.

నురుగు పొంగి ఆమె ముక్కులోకెక్కింది. ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే కొత్త వాయిల్ చీర ముందంతా తడిసిపోయింది. పక్కనున్న కాలేజీ పిల్లలు పగలబడి నవ్వారు.

మునికృష్ణ మెల్లగా పక్కకు జరిగి, గోడమీది బొమ్మ చూస్తున్నట్టు నిలబడ్డాడు.

“ఎవరప్పా ఆయమ్మ? నీతో వచ్చిందా?” అనడిగాడు టై కట్టుకున్న ఒక పెద్దమనిషి.

“ఏమో సార్, నాకు తెలీదు” అన్నాడు, తనూ ఒక నవ్వు కలిపి.

మునిలక్ష్మి కొంగుతో మొహం తుడుచుకుని నేరుగా అతని దగ్గరికే వచ్చింది. సీసాలో ఇంకా సగం ఉంది.

“ఇంద మామా. నోరు పెట్టి పీలిస్తే నీ సగం ఎంగిలైతాదని ఎత్తి పోసుకున్నా.”

పెద్దమనిషి నవ్వు ఆపి, మునికృష్ణను పైనుంచి కిందికి చూశాడు.

మునికృష్ణకు చెయ్యి ముందుకు రాలేదు.

“తాగు” అంది ఆమె, అతనికి మాత్రమే వినబడేట్టు. “తెలీని మనిషి చేతిదైనా, ఎంగిలి కాలేదులే.”