జిలాన్ పెట్టిన గుర్తులు

రాత్రి ఎనిమిదికి ఉరవకొండ తాలూకా ఆఫీసు పాత రికార్డుల గదిలో అనీసా ఒక్కతే మిగిలింది. పాత కంప్యూటర్లోని ఫైళ్లన్నీ కొత్తదానిలోకి చేరాయి గాని, ఏది శాశ్వతమో ఏది తాత్కాలికమో చెప్పే గుర్తులు మాత్రం రాలేదు. గుర్తు లేని ఫైలు తెల్లారేసరికి చెరిగిపోతుంది. అందుకే ఒక్కొక్కటీ చూసి మళ్లీ పెడుతోంది.

ఆ గుర్తులన్నీ ఒకప్పుడు ఆమె నాయన జిలాన్ పెట్టినవే. చిన్నప్పుడు ఈ గదిలోనే ఆయన పక్కన కూర్చుని చీటీలకు బంక రాసేది. ఆయన పోయి ఆరేళ్లయింది.

తర్వాతి ఫైలు తెరిచింది. గుర్తు అప్పటికే ఉంది. పెట్టినవారు: జిలాన్. సమయం: ఇప్పుడే.

వెంటనే వాచ్‌మన్ బాలప్పకు ఫోన్ చేసింది. “అన్నా, లోపలికి ఎవరన్నా వచ్చినారా?”

“ఎవురూ రాలే పాపా. గేటుకు తాళమేసి ఈడనే కూచోనుండా.”

ఫోన్ పెట్టేసింది. పక్క బల్ల మీద, వైరు పీకేసిన పాత కీబోర్డు టక్‌మంది. ఆగి, మళ్లీ టక్‌మంది. రెండు వేళ్లతో నిదానంగా కొట్టే ఆ వరస ఆమెకు బాగా తెలుసు. పారిపోవాలనిపించలేదు.

తర్వాతి ఫైలు తెరిచి, “నాయనా,” అంది మెల్లగా, “పామిడోళ్ల బావి కాగితం యాడ పెట్టాల? శాశ్వతంలోనా, తాత్కాలికంలోనా?”

చప్పుడు ఆగిపోయింది. పక్కనున్న ఖాళీ కుర్చీ కిర్రుమంటూ ఆమె వైపు జరిగింది.