కండిషన్లోకి రాని కారు

ప్లగ్గు టక్కున విరిగింది.

తెల్లటి పింగాణీ ముక్క హేమచంద్ చేతిలోకొచ్చింది. మిగతా సగం ఇంజన్లోనే ఉండిపోయింది. పాలపన్ను ఊడిన పిల్లాడిలా ఆయన ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"విరిగిందా?" అంది పార్వతీదేవి గుమ్మంలోంచి.

"విరగలేదు. వచ్చేసింది."

దూలపల్లి దగ్గర ఆ కొత్త కాలనీలో కారు బాగుచెయ్యడం మొదలై ఇది నాలుగో ఆదివారం. మొదటి ఆదివారం, ప్లగ్గుల వైర్లన్నీ వచ్చి కలిసే నల్లమూతని తుడవబోయి పగలగొట్టాడు. జిగురు పెట్టి అంటించాడు. అంతే, బండి మళ్లీ స్టార్ట్ కాలేదు. రెండో ఆదివారం బ్యాటరీ క్లిప్పుని బిగించీ బిగించీ విరిచాడు. బైండింగు వైరుతో కట్టాడు. మూడో ఆదివారం ఎయిర్ ఫిల్టర్ మీద చెయ్యి వెయ్యబోయాడు గానీ, వాన పడి ఫిల్టర్ బతికిపోయింది.

మెకానిక్కుని పిలవడానికి ఆయన ఒప్పుకోడు. తుర్కపల్లి ల్యాబులో కోట్ల ఖరీదు చేసే మిషన్లు ఆయన చేతిమీద నడుస్తాయి. అలాంటిది, సెకండ్ హ్యాండ్ కారు ఓ లెక్కా? సోమవారం నుంచి శనివారం దాకా కంపెనీ క్యాబ్ గేటు ముందుకే వస్తుంది కాబట్టి ఈ కారుతో ఆయనకి ఆదివారమే పని.

కొన్న కొత్తలో పార్వతీదేవి డ్రైవింగ్ నేర్పమని అడిగింది. "ముందు బండి కండిషన్లోకి రానీ" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఇవాళ మాత్రం గడువుంది. పక్కింటి భాస్కర్ కొడుకు రాకేష్‌కి డ్రైవింగులో చెయ్యి తిరగడానికి ఓ పాత బండి కావాలి. పదకొండింటికల్లా స్టార్ట్ కాకపోతే కారు ఇచ్చేస్తానని హేమచంద్ పోయిన వారం చిరాకులో మాటిచ్చేశాడు.

"ఇచ్చేస్తే ఎలా అండీ? ఇంట్లో కారుంటే అదో ధైర్యం" అంది పార్వతీదేవి.

"కదలని కారుతో ధైర్యమేమిటి పార్వతీ?"

ఆయన ఇంజన్లోకి వంగి, వెనక్కి చెయ్యి చాచాడు. ఏం కావాలో చెప్పేలోపే గొట్టం పానా చేతిలో పడింది. ఆ తొందరలో ఆయన అది గమనించలేదు. చెమటలు కక్కి మిగతా సగం ప్లగ్గు బయటికి తీశాడు.

"జిగురెక్కడ పెట్టావు?" అంటూ వంటింటి వైపు నడిచాడు.

పార్వతీదేవి గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఆ చేతులతో లోపలికి రాకండి. బియ్యం డబ్బా అదీ ముట్టుకుంటారు. నేను తెస్తా."

ప్లగ్గు అతికించాడు. బిగించాడు. దేవుడికి దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాడు. ఇంజను జోరుగా తిరిగింది. తిరిగింది, తిరిగింది, అంటుకోలేదు.

"చూశావా? నెల్లాళ్లు కదలకపోయినా బ్యాటరీ ఎంత బలంగా ఉందో. నేను కట్టిన వైరు అలాంటిది."

"అవునండీ."

పదకొండు కొట్టకముందే భాస్కర్ వచ్చాడు. వారమంతా పొద్దున్నే సైట్ల మీదికి పోతే చీకటిపడ్డాక గానీ ఇల్లు చేరని మనిషి. ఆదివారం మాత్రం తీరిగ్గా ఉంటాడు. వెనకే భార్య విజయమ్మ.

"ఏం సారూ, ఇంకా గుంజులాడుతనే ఉన్నవా? పెట్రోలన్న ఉన్నదా గీనికి?"

హేమచంద్ ముల్లు చూశాడు. అడుక్కి ఉంది. "అర ట్యాంకు ఉండాలే."

"మూత వదులైందేమోనండీ. ఆవిరైపోయుంటుంది" అంది పార్వతీదేవి.

విజయమ్మ మొగుడి మీదికి తిరిగింది. "ఏందయ్యా, గీ డొక్కు బండి మనకెందుకు? ఇంటి ముంగట పెట్టుకోని పూజ జేస్తవా?"

"ఇంజన్ మంచిగనే ఉన్నదే. సారు చెయ్యి తీస్తే అదే నడుస్తది."

హేమచంద్ బానెట్ దించాడు. గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నలుపు పోలేదు. వేళ్ల మీద గీతలు, మోచేతి దగ్గర ఆయిలు మరక, జేబులో పింగాణీ పెంకులు. నాలుగు ఆదివారాలకి ఆయనకి మిగిలింది ఇంతే. తాళం బయటికి తీశాడు.

"తీసుకెళ్లండి భాస్కర్ గారూ. నావల్ల కాలేదు."



పార్వతీదేవి దగ్గరకొచ్చి మెల్లగా అంది. "ఇచ్చేయండి, పోనీ. రాకేష్ సాయంత్రానికల్లా స్టార్ట్ చేసేస్తాడు. రోజూ మన గేటు ముందునుంచే తిప్పుతాడు. పాపం, మీరు కనిపిస్తే హారను కూడా కొడతాడు."

తాళం చుట్టూ హేమచంద్ గుప్పెట బిగుసుకుంది.

"ఇంకో ఆదివారం చూస్తానండీ. ఇంకాస్తలో స్టార్టయ్యేలా ఉంది."

"నీ బండి, నీ ఇష్టం సారూ" అంటూ భాస్కర్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. విజయమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనకే నడిచింది.

మర్నాడు పొద్దున్న కంపెనీ క్యాబ్ మలుపు తిరగ్గానే, పార్వతీదేవి బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, శనివారం సాయంత్రం కార్లోంచి విప్పి దాచిన మంచి నల్లమూతా, మంచి బ్యాటరీ క్లిప్పూ, ముందుచూపుతో కొనిపెట్టుకున్న కొత్త ప్లగ్గూ తీసి పది నిమిషాల్లో బిగించేసి, విజయమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, ఎప్పటిలాగే శామీర్‌పేట చెరువు వైపు కారు పోనిచ్చింది.