గుర్దా మీద టోపీ

"నేను ముద్ర వెయ్య. ఈ మాంసం గుంత తవ్వి పాతిపెట్టు. రోగమున్నది" అన్నాడు డాక్టరు దశరథం.

కసాయి ఖాజా మియా తను కోసిన పొట్టేలు వైపు చూశాడు. పొద్దెక్కితే బిడ్డ మహమూదా నిఖా. మగపెండ్లివారి బండ్లు కొల్లాపూర్ పొలిమేర దాటి ఇటే వస్తున్నాయని అప్పుడే కబురొచ్చింది. పెరట్లో పెద్ద వంట డేగిశాల కింద కట్టెలు భగభగ మండుతున్నాయి. పశువుల దవాఖానకు వారం కింద వచ్చిన ఈ మహానుభావుడు ముద్ర వేస్తే తప్ప ఒక్క ముక్క కూడా వాటిలో పడదు.

"ఏం రోగం సాబ్? పొద్దుగాల గంతులేసిన పొట్టేలు!"

డాక్టరు లావుపాటి పుస్తకం తెరిచి మూత్రపిండాల బొమ్మ మీద వేలు పెట్టాడు. "జర సూడు. గుర్దా మీద టోపీ పెట్టినట్టు చిన్న గడ్డ ఉండాలె. రెండు దిక్కులా గంతే. నీ పొట్టేలుకు ఎడమ గడ్డ గుర్దాను ఇడిసిపెట్టి యాడ్నో ఉన్నది."

"ఉండాల్సినకాడ్నే ఉన్నది సాబ్! పాలు తాగే పిల్లకు గుర్దా, గడ్డా దగ్గర్నే ఉంటయ్. మేయవట్టినంక పొట్ట పెరిగి ఎడమ గుర్దాను ఎనక్కి నూకుతది. గడ్డ మాత్రం కదలదు. ముప్పై ఏండ్ల సంది కోస్తున్న, నాకు తెల్వదా?"

"నువ్వు కోసినవ్. నేను చదివిన."

ఆ మాటకు ఖాజా మియాకు ఒళ్లు మండింది. ఇంకో పొట్టేలును కోసి చూపించాడు. దాని గడ్డ కూడా అట్లాగే ఉంది. "దీనికీ రోగమే" అన్నాడు డాక్టరు. మూడోదాన్నీ కోశాడు. "అయ్యో, మందంతా పాడయింది" అని డాక్టరు జాలిపడ్డాడు. ఈయన ఇంకో నెల ఇక్కడే ఉంటే కృష్ణ ఒడ్డున ఆరోగ్యమున్న గొర్రె ఒక్కటీ మిగలదు. ఖాజా మియా దగ్గర మాత్రం నాలుగోది లేదు.

తడిక వెనక నుంచి భార్య సుగ్రా బేగం అడిగింది. "ఏం జేద్దాం జీ? పప్పు వండాల్నా? మగపెండ్లోళ్లు తిరిగి పోతరు! బిడ్డ బతుకేంగావాలె?"

బయట ఎద్దుల గజ్జెలు వినిపించాయి. ఖాజా మియా కత్తి పక్కన పడేసి, డాక్టరు చేతిలోని పుస్తకం లాక్కున్నాడు.

"ఏయ్, నెత్తురు చేతులు! పట్నంల డాక్టరైన మా అన్న పుస్తకమది. లండన్ల అచ్చయింది!"

ఖాజా మియా అక్షరాల జోలికి పోలేదు. ఒక్క పేజీ వెనక్కి తిప్పాడు. ఆ గుర్దాలు ఎవరి ఒంట్లోవో అక్కడ నిలువెత్తు బొమ్మ ఉంది. నెత్తి నుంచి కాళ్ల దాకా చూసి, పుస్తకాన్ని మర్యాదగా డాక్టరు చేతుల్లో పెట్టాడు.

"ఎంత పెద్ద పెండ్లయినా, మా ఇంట్ల మనిషిని కొయ్యం సాబ్."