నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటా

"కుర్చీ వేయమంటారా తాతగారూ?"

బట్టల కొట్టులో సేల్స్‌గర్ల్ అడిగిన ఆ ఒక్క మాటతోనే మొదలైంది గొడవంతా.

రంగు వెలిసిన కోటు తొడుక్కున్న ముసలాయన చేతికర్ర మీద వాలి, కౌంటరు వెనక్కి తొంగి చూశాడు.

"నీ కుర్చీ ఏదమ్మా?"

"మాకుండవండి. పొద్దున తొమ్మిదికి నిలబడితే మళ్లీ రాత్రి తొమ్మిదికే."

"అయితే నాకూ వద్దు. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటా."

కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. అయినా గంటసేపు నిలబడే బేరమాడి, చివరికి ఒక్క చేతిరుమాలు కొన్నాడు.

ఆ తర్వాత ప్రతి సోమవారం వచ్చేవాడు. అదే కౌంటరు, అదే మాట, ఇంకో చేతిరుమాలు. అమ్మాయిలు ఆయనకి 'రుమాలు తాత' అని పేరు పెట్టేశారు.

"పిట్ట కొంచెం, కూత ఘనం," అని మేనేజరు పళ్లు నూరేవాడు.

ఆ కౌంటరులో ఆమెకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. ఇలాగే నిలబడితే ఏడాదిలో మంచాన పడతావని డాక్టరు చెప్పేశాడు. మానేద్దామంటే ఇంట్లో ఇద్దరు పిల్లలు, వచ్చేది ఆమె జీతమొక్కటే.

"కూర్చునే హక్కుందమ్మా నీకు. చట్టం ఉంది. అడుగు," అన్నాడాయన ఒక సోమవారం.

"చట్టం వచ్చి మా ఇంట్లో పొయ్యి వెలిగిస్తుందా తాతగారూ? మీ కాళ్లే వణుకుతున్నాయి, ముందు మీరు కూర్చోండి."

"నాకు నిలబడటం అలవాటేలే."

ఆ మొండితనం ముందు ఆమె ఓడిపోయింది. ఖాళీ చెక్కపెట్టె మీద కూర్చుంది. ఆయనా ఎదురుగా ఇంకో పెట్టె మీద కూర్చున్నాడు. రెండు నిమిషాలైనా కాలేదు, మేనేజరు రానే వచ్చాడు.

"కాళ్లు నొప్పులైతే ఇంట్లోనే కూర్చో. రేపట్నుంచి రావద్దు."

ఆమె కోపమంతా ముసలాయన మీదకు మళ్లింది. మేనేజరు మీద అరవడం కంటే అదే సులువు కదా.

"చల్లబడిందా మీ కడుపు? నా పిల్లల నోటికాడ కూడు తీశారు. ఇంకెప్పుడూ నాకు కనబడకండి."

"తప్పు నాదేనమ్మా. నిన్నొక్కదాన్నే అడగమన్నాను," అని ఆయన కర్ర తీసుకుని మెట్లు దిగిపోయాడు.

నాలుగో రోజు మేనేజరే ఫోను చేశాడు.

"రామ్మా తల్లీ. ఆ ముసలాయన ఫిర్యాదు పెట్టాడు. కార్మిక శాఖ వాళ్లు వచ్చి కూర్చున్నారు."

ఆమె వెళ్లేసరికి పద్నాలుగు కౌంటర్లకీ పద్నాలుగు కొత్త స్టూళ్లు.

"కస్టమర్లు వస్తే మాత్రం లేవండి," గొణిగాడు మేనేజరు.

"లేవం," అంది ఆమె. అన్నది తనేనా అని తనకే అనుమానం వచ్చింది. పద్నాలుగు మందిలో ఒక్కరూ లేవలేదు.

సోమవారం పదిహేనో స్టూలు తెచ్చి, తుడిచి, తన కౌంటరు ముందు వేసింది. క్షమించమని అడగాలి. ఆయన రాలేదు. పై సోమవారమూ రాలేదు.

ఆ తర్వాతి సోమవారం కార్మిక శాఖ ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చింది.

"మేడం, ఫిర్యాదు పెట్టిన తాతగారు ఎక్కడుంటారు?"

ఆఫీసరమ్మ ఫైలు మూసింది.

"రెండు రోజులు మా ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆర్డరు మీద సంతకం పెట్టించారు. మూడో రోజు పోయారమ్మా. తెలీదా?"

ఆమె స్టూలు పట్టుకుని ఏడ్చేసింది.

"నేనే రావద్దని తిట్టాను మేడం. ఎవరాయన? ప్లీడరా?"

"ప్లీడరే. ముప్పై ఏళ్ల కిందట ఎమ్మెల్యే కూడా," అంది ఆఫీసరమ్మ. "కొట్లలో ఆడవాళ్లు కూర్చునేదాకా నేనూ కూర్చోనని, ఈ చట్టం పాసయ్యేవరకు పదకొండు రోజులు సభలో తన సీటు ముందు నిలబడే ఉన్నారు."