చేతులు మారిన బేసు

నోరు తెరవగానే ఇస్సాకు చెయ్యి నాలుగోసారి ఆగిపోయింది. మాండలిన్ వాయిస్తే పాట రాదు, పాడితే మాండలిన్ రాదు.

"నాతోని కాదు అంజన్నా. పదేండ్లు బేస్ గిటార్ కొట్టిన చెయ్యి ఇది. పెండ్లోళ్లకు వేరే బ్యాండును పిలుసుకోమని చెప్పొస్త."

"ఆదివారం చర్చిల మస్తు పాడుతవ్ గద?"

"గాడ చేతిల పుస్తకం తప్ప ఏముండదన్నా."

గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి అంజన్నకు గుసగుసే మిగిలింది. అంతకుముందు మాండలిన్ వాయిస్తూ పాడింది అతనే. ఇప్పుడు ఇస్సాకు వదిలిన బేసు పట్టుకుని కూర్చున్నాడు. పొద్దుగూకితే లాల్‌దర్వాజాలో పెళ్లి. ఈ పూట పోతే బ్యాండు పోతుంది. గొంతు లేనివాణ్ణి ఇంకో బ్యాండు పిలవదు.

"చెప్పొస్తే నేనేం గావాలె?" అన్నాడు అంజన్న. వినడానికి ఇస్సాకు అతని దగ్గరికి వంగాల్సి వచ్చింది. "నీ చెయ్యి ఇంకా బేసే కొడుతది. తాళం పడ్డకాడల్ల నువ్వు గూడ పడుతున్నవ్. మాండలిన్ దెబ్బ రెండు తాళాల నడుమ పడాలె."

"తాళం తప్పుతదని భయం అన్నా."

"తాళం పట్టేది ఇప్పుడు నా చేతిల బేసు. ఎవరు తప్పిస్తరు? నేనా?"

ఇస్సాకు తలెత్తలేకపోయాడు. గొంతు పోయిన మనిషికి మిగిలిన చేతుల్ని కూడా తాను నమ్మలేదని అప్పుడు తెలిసింది.

"వాయించన్నా," అన్నాడు.

బేసు మోగింది. ఇస్సాకు దానితో పాటు పడలేదు. అది మోగేదాకా ఆగి, ఆ వెనక ఖాళీలో తీగలు మీటాడు. పాట దానంతట అదే వచ్చింది. పల్లవి దాటింది, చరణం దాటింది.

ఎదురుగా అంజన్న పెదవులు ప్రతి మాటకూ చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అటు చూస్తే పాట ఆగిపోతుందని, ఇస్సాకు అతని వేళ్లనే చూస్తూ పాడాడు.